రెండు బొమ్మల మధ్య

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "డాక్టర్లు, ఇంజనీర్లు ఏం చేస్తారో మన వాళ్ళకు తెలుసు. నువ్వు బొమ్మల్ని కదిలిస్తావట కదా, అదెలాగో అరగంటలో చెప్పు. సైన్సు మాస్టారికీ నచ్చాలి, ఎనిమిదో తరగతి పిల్లలకూ అర్థం కావాలి" అన్నారు. పరీక్ష పేపరు గట్టిదే. ఇరవై ఏళ్ళకు పైగా ఈ పని చేసుకుని బతుకుతున్నాను కాబట్టి ప్రయత్నిస్తాను. యానిమేషన్ అంటే ఏమిటి, అది ఎవరి చేతుల్లో పుట్టింది, మా పనివాళ్ళ మాటలకు అర్థాలేమిటి అన్నవి వరసగా చెప్పి, చివర మన బడి గురించి ఒక మనవి చేసుకుంటాను.

ఏ బొమ్మా కదలదు

యానిమేషన్ అనే మాటకు మూలం లాటిన్ భాషలోని 'అనిమా'. ఊపిరి, ప్రాణం అని అర్థం. మనం విగ్రహానికి ప్రాణప్రతిష్ఠ అంటామే, ఆ జాతి మాటే ఇదీను. అయితే ముందుగా ఒక రహస్యం చెప్పాలి. తెర మీద ఏ బొమ్మా కదలదు. ఒక బొమ్మ కనిపిస్తుంది, పోతుంది. దాని చోట కొంచెం తేడా ఉన్న ఇంకో బొమ్మ వస్తుంది. ఆ రెండింటినీ కలిపి "కదిలింది" అని తీర్పు చెప్పేది చూసేవాడి మెదడు. కంటిలో బొమ్మ కాసేపు నిలిచి ఉండటమే దీనికి కారణమని పాత పుస్తకాల్లో రాసేవారు. అది పూర్తి కారణం కాదనీ, కదలికను అల్లుకునే పని మెదడుదేననీ ఇప్పుడు చెబుతున్నారు. ఏమైనా, మేము వేసేది బొమ్మలు. కదలికను పూర్తి చేసేది మీరు.

అలా వచ్చే ఒక్కొక్క బొమ్మను ఫ్రేము అంటాం. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. లెక్కల మాస్టారు ఉన్నారు కనుక లెక్క చెప్పేస్తాను: నిమిషానికి 1,440 ఫ్రేములు, పది నిమిషాలకు 14,400. అన్ని బొమ్మలు వేయడం తలకు మించిన పని కాబట్టి ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు ఉంచుతాం. దీన్ని 'టూస్' మీద వేయడం అంటాం. అప్పుడు పది నిమిషాలకు 7,200 బొమ్మలు చాలు. పరుగు, దెబ్బలాట వంటి వేగమైన చోట్ల మాత్రం ఫ్రేముకొక బొమ్మ, అంటే 'వన్స్'. జపాన్ టీవీ కార్టూన్లలో ఒక్కో బొమ్మను మూడు ఫ్రేములు లాగించడం మామూలు. ఇదంతా ఒక్క పాత్రకు వేసిన లెక్క. తెర మీద ముగ్గురుంటే మూడింతలు.

బొంగరాల కాలం

ఇది సినిమా పుట్టాక వచ్చిన విద్య అనుకుంటారు చాలామంది. కాదు, సినిమాకన్నా పెద్దది. 1820లలో ఇంగ్లండులో 'థామట్రోప్' అనే ఆటబొమ్మ బయల్దేరింది. జాన్ ఐర్టన్ పారిస్ అనే వైద్యుడు దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. గుండ్రటి అట్టముక్కకు ఒకవైపు పిట్ట, రెండోవైపు పంజరం. రెండు పక్కలా దారం కట్టి గిరగిరా తిప్పితే పిట్ట పంజరంలో కూర్చుంటుంది. పిల్లలూ, పెళ్ళి శుభలేఖ అట్ట చాలు, ఈ రాత్రే చేసి చూడండి.

1832లో బెల్జియం దేశస్థుడు జోసెఫ్ ప్లాటో ఒక పళ్ళెం తయారుచేశాడు. పళ్ళెం చుట్టూ ఒక నర్తకుడి బొమ్మలు, ఒక్కోటీ ఒక్కో భంగిమలో. అంచున సన్నని చీలికలు. బొమ్మలున్న వైపు అద్దానికి చూపి, వెనక నుంచి చీలికల గుండా చూస్తూ తిప్పితే నర్తకుడు గిరికీలు కొడతాడు. దాని పేరు 'ఫెనాకిస్టోస్కోప్'. ఇంచుమించు అదే సమయంలో వియన్నాలో సైమన్ స్టాంఫర్ అనే ఆయన కూడా, ప్లాటోతో సంబంధం లేకుండా, అదే కనిపెట్టాడు.

చీలికలు ఎందుకు? అవి లేకుండా తిప్పితే బొమ్మలన్నీ అలుక్కుపోతాయి, తిరిగే ఫ్యాను రెక్కల్లాగా. చీలిక కంటి ముందుకు వచ్చిన క్షణం ఒక బొమ్మ కనిపిస్తుంది, తర్వాత చీకటి, మళ్ళీ చీలిక, మళ్ళీ బొమ్మ. పాతకాలపు ట్యూబ్‌లైటు వెలుగులో ఫ్యాను రెక్కలు ఒక్కోసారి వెనక్కి తిరుగుతున్నట్టు అనిపించేది, గుర్తుందా? ఆ లైటు మనకు తెలియకుండా వెలిగి ఆరుతుండటం వల్లే అలా కనిపించేది. సినిమా ప్రొజెక్టరులో షట్టరు చేసే పనీ ఇదే. ఈ పరికరాల్లో బొమ్మకూ బొమ్మకూ మధ్య ఆ కాస్త చీకటి లేకపోతే బొమ్మలు అలుక్కుపోతాయి. లోకానికి ఈ సంగతి చూపించిన ప్లాటో 1843 నాటికి చూపు కోల్పోయాడు. 1883లో కన్నుమూసేవరకు, ఇంట్లోవాళ్ళ కళ్ళతో, చేతులతో ప్రయోగాలు చేయించుకుంటూ శాస్త్రం వదలకుండా పనిచేశాడు.

1834లో విలియం హార్నర్ అనే ఇంగ్లీషు గణిత శాస్త్రజ్ఞుడు పళ్ళేన్ని డబ్బాగా మార్చాడు. తర్వాత దానికి 'జోట్రోప్' అనే పేరు స్థిరపడింది. నలుగురూ చుట్టూ చేరి చూడవచ్చు. 1868లో జాన్ బార్న్స్ లినెట్ అనే ఆయన ఫ్లిప్ బుక్‌కు పేటెంటు తీసుకున్నాడు. నోటుబుక్కు మూలల్లో బొమ్మలు వేసి బొటనవేలితో పేజీలు సర్రున వదలడం అదే. ఆ పేటెంటు సంగతి తెలియకుండానే మన బడిలో ప్రతి బ్యాచ్‌లోనూ సోషల్ నోట్సులో ఈ పని చేసినవాళ్ళు ఉన్నారని నాకు తెలుసు.

సెన్ నదిలో కలిసిన బొమ్మలు

ఇక్కడ ఒక మనిషి గురించి ఆగి చెప్పాలి. ఫ్రాన్సులో ఎమిల్ రేనో. 1877లో చీలికల బదులు అద్దాలు పెట్టి 'ప్రాక్సినోస్కోప్' చేశాడు. వెలుగు తగ్గకుండా బొమ్మ తేటగా కనిపించింది. అక్కడితో ఆగలేదు. చిన్న చిన్న జెలటిన్ పలకల మీద చేత్తో రంగు బొమ్మలు వేసి, వాటిని పొడుగాటి పట్టీగా కూర్చి, పట్టీకి చిల్లులు పెట్టి, వాటి ఆధారంగా చక్రాల మీద నడిపిస్తూ తెర మీద పడేలా చేశాడు. 1892 అక్టోబరు 28న పారిస్‌లోని గ్రెవాన్ మ్యూజియంలో డబ్బిచ్చి వచ్చిన ప్రేక్షకుల ముందు ప్రదర్శించాడు. అందులోని 'పావ్ర్ పియెరో' అనే కథకు సుమారు 500 బొమ్మలు. వాటిని తనే చేత్తో ముందుకు, వెనక్కి నడిపిస్తూ, నవ్వు వచ్చిన చోట మళ్ళీ తిప్పుతూ పావుగంట దాకా ఆడించేవాడు. లూమియర్ సోదరులు పారిస్‌లో టిక్కెట్టు పెట్టి సినిమా చూపించింది 1895 డిసెంబరులో. అంటే తెర మీద బొమ్మ కథ, కెమెరా సినిమాకన్నా మూడేళ్ళు ముందు వచ్చింది.

కానీ కెమెరాతో పోటీపడటం ఒక్క మనిషి చేతుల వల్ల అవుతుందా? కొత్త సినిమాలు వారం వారం వస్తుంటే, ఆయనకు ఒక్క కథ తయారు చేయడానికి నెలలు పట్టేది. 1900లో ప్రదర్శనలు ఆగిపోయాయి. కొన్నేళ్ళకు, 1910 ప్రాంతంలో, నిరాశతో తన పట్టీల్లో చాలా భాగం సెన్ నదిలో పారేశాడు. 1918లో చనిపోయాడు. మనకు మిగిలినవి రెండు కథలే. ఇప్పుడు ప్రపంచమంతా అక్టోబరు 28ని యానిమేషన్ దినోత్సవంగా జరుపుకుంటుంది. బతికి ఉండగా ఆయనకు ఇవన్నీ దక్కలేదు. కొత్త యంత్రం వచ్చినప్పుడు పాత చేతిపనికి ఏమవుతుందనే ప్రశ్న మా రంగంలో తొలిరోజు నుంచీ ఉంది. చివర్లో మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

నల్లబల్ల, సుద్దముక్క

ఉపాధ్యాయులు సంతోషించే విషయం ఒకటి. ఫిల్ము మీద తొలినాటి బొమ్మల సినిమాల్లో ఒకటి నల్లబల్ల మీద సుద్దముక్కతో పుట్టింది. 1906లో అమెరికాలో జె. స్టూవర్ట్ బ్లాక్టన్ బల్ల మీద ముఖాలు గీసి, కొంచెం చెరిపి, మళ్ళీ గీసి, ప్రతిసారీ ఒకటి రెండు ఫ్రేములు తీశాడు. రెండేళ్ళకు, 1908లో, ఫ్రాన్సులో ఎమిల్ కోల్ 'ఫాంటాస్మగోరీ' చేశాడు. సుమారు 700 బొమ్మలు, ఒక్కోటీ రెండు ఫ్రేములు. తెల్ల కాగితం మీద నల్ల గీతలతో వేసి, ఫిల్మును నెగటివ్‌గా చూపించాడు. అందుకని అదీ నల్లబల్ల మీది సుద్ద గీతలాగే కనిపిస్తుంది. రెండు నిమిషాలు కూడా లేని ఆ సినిమాలో సీసా పువ్వవుతుంది, పువ్వు ఇంకేదో అవుతుంది. కెమెరా చేయలేనిది గీత చేయగలదని ఆయన చూపించాడు.

గీతలు కాకుండా వస్తువులనే కొంచెం కొంచెం జరిపి ఫ్రేము ఫ్రేముగా తీయడాన్ని 'స్టాప్ మోషన్' అంటాం. 1912లో లాడిస్లాస్ స్టారెవిచ్ చచ్చిన పురుగుల కాళ్ళకు తీగలు అతికించి వాటితో ఒక సంసార కథ నడిపించాడు. బతికున్న పురుగులకు తర్ఫీదు ఇచ్చాడని నమ్మినవాళ్ళు కూడా ఉన్నారు. మన దేశంలో ఈ దారి తొక్కింది దాదాసాహెబ్ ఫాల్కే. 'రాజా హరిశ్చంద్ర' తీయకముందే కుండీలో బఠానీ గింజ నాటి, అది మొలిచి ఎదగడాన్ని రోజుల తరబడి కొద్ది కొద్దిగా కెమెరాలోకి ఎక్కించాడు. ఆ చిన్న ఫిల్ము చూపించే తన మొదటి సినిమాకు పెట్టుబడి సంపాదించాడు. తర్వాత అగ్గిపుల్లలను కదిలిస్తూ ఇంకో చిన్న సినిమా తీశాడు.

డైనోసారు కంటనీరు

ఇప్పుడు మా వృత్తిని మా వృత్తిగా చేసిన మనిషి. విన్సర్ మెకే, అమెరికాలో పత్రికలకు బొమ్మలు గీసేవాడు. 1914లో 'గర్టీ' అనే డైనోసారును తయారుచేశాడు. తను వేదిక మీద కొరడా పట్టుకుని నిలబడతాడు, వెనక తెర మీద గర్టీ. "కాలెత్తు" అంటే ఎత్తుతుంది. చెప్పిన మాట వినకపోతే తిడతాడు. అప్పుడది వెక్కివెక్కి ఏడుస్తుంది. అంతకుముందు బొమ్మలు కదిలాయి. గర్టీకి మాత్రం సిగ్గు, మొండితనం, ఆకలి ఉన్నాయి. జనం దాన్ని ఒక బొమ్మగా కాక ఒక మనిషిగా చూశారు.

ఆ బొమ్మలు వేలల్లో ఉన్నాయి. అప్పటికి పారదర్శకమైన షీట్లు లేవు కనుక, కదలని కొండలు, చెట్లు కూడా ప్రతి కాగితం మీదా మళ్ళీ గీయాలి. ఆ పని జాన్ ఫిట్జ్‌సిమన్స్ అనే కుర్రవాడు చేశాడు. ఇంకో సంగతి: మెకే బొమ్మల్ని ఒకటి, రెండు, మూడు అని వరసగా గీసుకుంటూ పోలేదు. ముఖ్యమైన భంగిమలు ముందు వేసుకుని, మధ్యవి తర్వాత నింపాడు. ముఖ్యమైన వాటిని 'కీ' బొమ్మలు అంటాం. మధ్యవాటిని 'ఇన్‌బిట్వీన్లు' అంటాం. ఈ రోజుకీ ప్రపంచంలో ఏ స్టూడియోకు వెళ్ళినా పని ఇలాగే రెండుగా చీలి ఉంటుంది.

ఆ డిసెంబరులోనే ఎర్ల్ హర్డ్ అనే ఆయన సెల్ పద్ధతికి పేటెంటు అడిగాడు. సెల్ అంటే సెల్యులాయిడ్ షీటు. అద్దంలా అవతలిది కనిపిస్తుంది. పాత్రను దాని మీద వేస్తారు, ముందువైపు ఇంకుతో గీత, వెనకవైపు రంగు. కింద కొండలు, చెట్ల బొమ్మ ఒక్కటి పెడితే చాలు. కాగితాలు జరిగిపోకుండా చిల్లులు పెట్టి మేకులకు తగిలించే పద్ధతి రావుల్ బారే తెచ్చాడు. దాన్ని మేము పెగ్ బార్ అంటాం. మాక్స్ ఫ్లైషర్ నిజమైన మనిషి నటనను ఫిల్ము తీసి, దాని మీద కాగితం పెట్టి గీసుకునే 'రోటోస్కోప్' కనిపెట్టాడు. వాల్ట్ డిస్నీ 1928లో 'స్టీమ్‌బోట్ విల్లీ'తో బొమ్మకు చప్పుడు జతచేసి, 1937 డిసెంబరులో 'స్నో వైట్'తో పూర్తి నిడివి కథ చెప్పాడు.

సెల్ వచ్చాక పని చేతులు మారుతూ సాగింది. ఒకరు కీ వేస్తారు, ఒకరు మధ్యవి, ఒకరు గీత శుభ్రం చేస్తారు, ఒకరు ఇంకు, ఒకరు రంగు. 'స్నో వైట్' సెల్‌లకు ఇంకు, రంగు వేసినవాళ్ళు ఎక్కువగా యువతులు. వెంట్రుకంత గీతను వణకకుండా లాగే ఆ చేతుల పేర్లు తెర మీద పడలేదు. మా వృత్తి చరిత్ర చెప్పేటప్పుడు ఎప్పుడూ పదిమంది పేర్లే వస్తాయి. బొమ్మల్ని లెక్కపెడితే ఎక్కువ భాగం పేరు పడని వాళ్ళు వేసినవే.

తోలుబొమ్మ, నీడబొమ్మ

డిస్నీకన్నా పదకొండేళ్ళు ముందు, 1926లో, జర్మనీలో లోటే రైనిగర్ 'ప్రిన్స్ అఖ్మెద్ సాహసాలు' పూర్తిచేసింది. ఈ రోజు మనకు దొరుకుతున్న పూర్తి నిడివి బొమ్మల సినిమాల్లో ఇదే పాతది. నల్ల అట్ట, పలచని సీసపు రేకు కత్తెరతో కత్తిరించి, కీళ్ళ దగ్గర తీగతో ముడివేసి, గాజు బల్ల మీద పడుకోబెట్టి, కింద నుంచి వెలుగు వేసి, ఒక్కో ఫ్రేముకు ఇంత అని జరిపింది. మూడేళ్ళ పని.

ఇది వింటుంటే మీకు తోలుబొమ్మలాట గుర్తొస్తే, అది సహజం. రైనిగర్‌కు ఆసియా నీడబొమ్మలాటలంటే ఎంతో ఇష్టం. ఆమె బొమ్మ నల్లటి నీడ. నిమ్మలకుంట కళాకారులు మేకతోలును వెలుగు దూరేలా పలచగా చేసి, చిల్లులు కొట్టి, రంగులు అద్దుతారు. భుజం, మోచెయ్యి, నడుము దగ్గర ముడి వేసే తెలివి మాత్రం రెండుచోట్లా ఒకటే. ఎక్కడ ముడి వేస్తే హనుమంతుడి చెయ్యి హుందాగా లేస్తుందో వాళ్ళకు తెలుసు. తేడా ఒక్కటే. తోలుబొమ్మ మన కళ్ళముందే కదులుతుంది. యానిమేషన్ బొమ్మను మనం చూడని సమయంలో, రెండు ఫ్రేముల మధ్య, కదుపుతారు.

మన దేశంలో ప్రభుత్వం పూనుకుని ఈ విద్య నేర్పించింది 1956లో. డిస్నీ దగ్గర పనిచేసిన క్లేర్ వీక్స్ బొంబాయిలోని ఫిల్మ్స్ డివిజన్‌కు వచ్చి మనవాళ్ళకు తర్ఫీదు ఇచ్చాడు. జాతక కథ ఆధారంగా 'బన్యన్ డీర్' 1957లో వచ్చింది. ఆ తర్ఫీదు పొందిన రామ్‌మోహన్ తర్వాత ఎందరికో గురువయ్యాడు. 1974లో విజయా ములే, భీమ్‌సేన్ చేసిన 'ఏక్ అనేక్ ఔర్ ఏక్తా' దూరదర్శన్‌లో చూడని వాళ్ళు ఈ హాల్లో నా వయసువాళ్ళలో ఉండరు. ఇప్పుడు మన హైదరాబాదే ఈ పనికి పెద్ద కేంద్రం. ఛోటా భీమ్ పుట్టింది అక్కడే. 2012లో 'ఈగ' సినిమాలో నోరు విప్పి మాట్లాడలేని ఈగతో, ఒళ్ళూ కాళ్ళూ కదిలే తీరుతోనే కోపమూ ప్రేమా పలికించారు. గర్టీ వారసత్వమే అది.

చెయ్యి ఎందుకు పొట్టిదైంది?

నేను 1999లో హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో ఇన్‌బిట్వీనర్‌గా చేరాను. విదేశీ టీవీ సీరియళ్ళకు మధ్య బొమ్మలు వేసే పని. పల్లంగా వంచిన గాజుబల్ల, కింద ట్యూబ్‌లైటు. దాన్ని లైట్ బాక్స్ అంటాం. పక్కన ఎక్స్‌పోజర్ షీటు. ఏ ఫ్రేములో ఏ నంబరు బొమ్మ, ఏ అక్షరం పలుకుతుంది, కెమెరా ఎటు జరుగుతుంది అన్నీ అందులో గళ్ళు గీసి రాసి ఉంటాయి. పెన్సిలు బొమ్మల్ని ఫొటో తీసి ఒకసారి ఆడించి చూసుకోవడం లైన్ టెస్ట్. గీతలు శుభ్రం చేయడం క్లీనప్.

కొత్తగా వచ్చిన ప్రతివాడికీ మా సీనియర్ ఒక పరీక్ష పెట్టేవారు. మొదటి కీలో మనిషి చెయ్యి తలపైకి నిటారుగా ఉంటుంది. రెండో కీలో ముందుకు, నేలకు సమాంతరంగా ఉంటుంది. మధ్య బొమ్మ వేయమంటారు. వేళ్ళ కొసలు రెండింటినీ స్కేలుతో కలిపి, సగం దగ్గర చుక్క పెడితే ఏమవుతుంది? లెక్కల మాస్టారికి తెలుసు. పది అంగుళాల చెయ్యి మధ్య బొమ్మలో ఏడు అంగుళాలవుతుంది. ఆడించి చూస్తే చెయ్యి కుంచించుకుపోయి మళ్ళీ సాగుతుంది. ఎందుకంటే చెయ్యి భుజం చుట్టూ తిరుగుతుంది. దాని దారి సరళరేఖ కాదు, చాపం. వృత్తలేఖిని పట్టుకున్నప్పుడు మనం నేర్చుకున్నదే.

ఇంకోటి, బంతి. ఎనిమిదో తరగతి పిల్లలు వినండి. బంతి మేడ మీద నుంచి పడుతుంటే, మొదటి వ్యవధిలో ఒక వంతు దూరం పడితే, అంతే సమయంలో తర్వాత మూడు వంతులు, ఆపైన ఐదు, ఏడు. గెలీలియో చెప్పిన లెక్క. అందుకని పైన బంతి బొమ్మలు దగ్గర దగ్గరగా, కిందికి వచ్చేకొద్దీ దూరం దూరంగా వేస్తాం. మొత్తం ఎన్ని ఫ్రేములు అనేది టైమింగ్. ఆ ఫ్రేముల్లో బొమ్మకూ బొమ్మకూ ఎడం ఎంత అనేది స్పేసింగ్. నేలకు తగిలినప్పుడు రబ్బరు బంతి నొక్కుకుంటుంది, లేచేటప్పుడు సాగుతుంది. అది స్క్వాష్ అండ్ స్ట్రెచ్. నొక్కుకున్నా లోపలి సరుకు తగ్గకూడదు, అంటే పొట్టిదైనంత మేరా వెడల్పు కావాలి. ఇనుపగుండుకు ఇది వేయకూడదు. బొమ్మ ఒకటే గుండ్రటి గీత. అది రబ్బరో ఇనుమో చెప్పేది మధ్య బొమ్మలే.

తొక్కుడుబిళ్ళ ఆడే పాప గెంతేముందు మోకాళ్ళు వంచుతుంది. కబడ్డీకి వెళ్ళేవాడు ముందుకు దూకేముందు ఒంటిని వెనక్కి లాగుతాడు. దాన్ని యాంటిసిపేషన్ అంటాం. అది లేకపోతే చూసేవాడికి గెంతు కనబడదు. నిండు బిందె చంకనెత్తుకున్న ఆవిడ నడుము రెండో పక్కకు ఒరుగుతుంది. ఆ ఒరుగు వేయకపోతే, బిందె ఎంత అందంగా గీసినా ఖాళీదే. బరువు బిందెలో కాదు, నడుములో ఉంటుంది. ఇది ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు. చెరువుగట్టు మీద నిలబడి చూసినవాడికే తెలుస్తుంది.

"మావాడిని చేర్పించమంటావా?"

ఊరికి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు: "మావాడు బొమ్మలు బాగా వేస్తాడు బాబూ, యానిమేషన్ కోర్సులో చేర్పించమంటావా?" లక్షల్లో ఫీజు కట్టేముందు అడుగుతున్నారు కనుక ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

ఇప్పుడు కాగితం లేదు. కంప్యూటరులో రెండు కీలు పెడితే మధ్యవి అదే నింపుతుంది. మొదట్లో అది చేసే పని స్కేలుతో చుక్క పెట్టడమే. ఎక్కడ నెమ్మదించాలో, ఎక్కడ ఒరగాలో సరిదిద్దేవాడే యానిమేటర్. కీ ఫ్రేము, లేయరు, టైమ్‌లైను అని సాఫ్ట్‌వేరులో కనిపించే మాటలకు వెనక ఉన్నది మెకే కాగితాలు, హర్డ్ సెల్‌లు, మా ఎక్స్‌పోజర్ షీటు గళ్ళే. ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చి, ఒక వాక్యం రాస్తే కదిలే బొమ్మ ఇస్తోంది. దాంతో మొదటి మెట్టు ఉద్యోగాలు తగ్గుతున్నాయి. నేను ఎక్కిన మెట్టు నా తర్వాతివాళ్ళకు అలాగే ఉంటుందని చెప్పలేను.

ఇది నిలకడైన రంగం కూడా కాదు. 2013 ఫిబ్రవరిలో 'లైఫ్ ఆఫ్ పై'లోని పులిని సృష్టించిన పనికి ఆస్కార్ వచ్చింది. ఆ పని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థ అదే నెలలో, ఆస్కార్‌కు రెండు వారాల ముందే, దివాళా పిటిషను వేసింది. ఆ సంస్థకు హైదరాబాద్‌లో, ముంబైలో శాఖలుండేవి. ఎంత మంచి పని చేసినా ఆర్డరు ఆగితే జీతం ఆగుతుంది. ఇది తెలిసి రావాలి.

కాబట్టి తల్లిదండ్రులకు నా సలహా. డబ్బు కట్టేముందు పిల్లవాడికి ఒక వంద పేజీల నోటుబుక్కు ఇవ్వండి. బంతి ఎగిరేది ఒకటి, మనిషి నడిచేది ఒకటి ఫ్లిప్ బుక్ చేయమనండి. ఒకటి అయ్యాక "ఇంకోటి చేస్తాను" అంటే ఆలోచించండి. "కంప్యూటరులో అయితే చేస్తాను" అంటే కొంతకాలం ఆగండి. సంస్థ గోడల మీది పోస్టర్లు కాకుండా, అక్కడ చదివిన పిల్లలు స్వయంగా చేసిన పని చూపించమని అడగండి.

ఒక మనవి

మన బడిలో నేను చదివినప్పుడు డ్రాయింగ్ మాస్టారు ఉండేవారు. వారానికి రెండు పీరియడ్లు. కొబ్బరికాయను ముందు పెట్టి, వెలుగు ఎటు పడుతుందో, నీడ ఎటు సాగుతుందో చూసి వేయమనేవారు. ఆయన రిటైరయ్యాక ఆ పోస్టులో ఎవరూ రాలేదని, డ్రాయింగ్ పీరియడ్ ఇప్పుడు పరీక్షల ముందు లెక్కలకు, సైన్సుకు పోతోందని హెడ్‌మాస్టారుగారు చెప్పారు. ఎవరినీ తప్పుపట్టలేను, పదో తరగతి ఫలితాల ఒత్తిడి నాకూ తెలుసు. కానీ ఇందాక చెప్పింది గుర్తుచేసుకోండి. చాపం లెక్కల పాఠం, బంతి సైన్సు పాఠం. డ్రాయింగ్ పీరియడ్ ఆ రెండింటికీ అడ్డం కాదు. ఒక పిల్లవాడు చెయ్యి పొట్టిదైపోవడాన్ని తనే గీసి, తనే చూసి, "అయ్యో" అన్నప్పుడు వృత్తం పాఠం వాడికి జన్మలో మరవడు.

యంత్రం మధ్య బొమ్మలు వేసే కాలంలో పిల్లలకు మనం ఇవ్వగలిగింది చూసే అలవాటు. యంత్రం వేసినది తప్పో ఒప్పో తేల్చగలిగే కన్ను. పిల్లలందరూ యానిమేటర్లు కానక్కర్లేదు. రేపు డాక్టరైనా, రైతైనా, టీచరైనా, చూసి తేడా పట్టుకునే మనిషికి విలువ తగ్గదు.

అందుకని సంఘం ముందు మూడు విషయాలు పెడుతున్నాను. ఒకటి, డ్రాయింగ్ పోస్టు భర్తీ కోసం సంఘం తరఫున అధికారులకు అర్జీ పెట్టాలి. వచ్చేదాకా గౌరవ వేతనం మీద ఒకరిని పెట్టుకోవడానికి ఈ స్వర్ణోత్సవ నిధిలో కొంత కేటాయించాలి. రెండు, పాత లైబ్రరీ గదిలో ఒక మూల లైట్ బాక్సులు పెడదాం. పెద్ద ఖర్చేమీ కాదు. వాలుగా చేసిన చెక్కపెట్టె, పాలగాజు పలక, ఒక ఎల్‌ఈడీ దీపం, కాగితం నిలబడటానికి రెండు మేకులు. పైన స్టాండుకు పాత సెల్‌ఫోను కడితే అదే కెమెరా. మన ఊళ్ళో వడ్రంగి పని చేసే మన బడి తమ్ముడితో మాట్లాడాను. మొదటి ఆరు పెట్టెల ఖర్చు నాది. మూడు, ప్రతి వేసవిలో పది రోజులు నేను వచ్చి నేర్పుతాను. ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు పేర్లు ఇవ్వవచ్చు. నా పాత స్టూడియో స్నేహితులు ఇద్దరు కూడా వస్తామన్నారు.

ఆ పది రోజుల్లో తయారైన బొమ్మల సినిమా ఎంత చిన్నదైనా వచ్చే వార్షికోత్సవంలో ఈ హాల్లోనే వేద్దాం. చివర్లో అందరి పేర్లూ వేద్దాం. కీ వేసినవాళ్ళవి, మధ్య బొమ్మలు వేసినవాళ్ళవి, రంగు వేసినవాళ్ళవి, పెన్సిళ్ళు చెక్కి ఇచ్చిన వాళ్ళవి కూడా.